తాళంచెవి మా ఇంటికి ఎలా వచ్చిందంటే

శనివారం మధ్యాహ్నం గిన్నెలు తోమే పని తప్పుతుందని చేరాను. అంతకుమించి పెద్ద ఉద్దేశమేమీ లేదు. అప్పుడు నాకు పదిహేనో ఏడు నడుస్తోంది. స్కూల్లో ఒక కాగితం తిప్పారు. పన్నెండు నుంచి పదిహేడేళ్ల ఆడపిల్లలకి విపత్తుల శిక్షణ, వారానికి రెండు గంటలు, ఇష్టమున్నవాళ్లు పేరు రాయమన్నారు. ముందు బెంచీ పిల్ల రాసింది, దాని కింద నేను రాశాను. అందరం కలిపి పద్నాలుగు మందిమి తేలాం.

మా వాడ పల్లంలో ఉంటుంది. ఒక పక్క ఏరు, ఇంకో పక్క కాస్త దూరంలో సముద్రం. ఏరు పొంగినా మాకే, సముద్రం తోసుకొచ్చినా మాకే. నీళ్లు మాకు కొత్త కాదు కదా, ఇందులో కొత్తగా నేర్చుకునేది ఏముంటుందిలే అనుకున్నాం.

మొదటి రెండు నెలలూ అలాగే గడిచింది. పోస్టర్లు చూపించేవాళ్లు. భూకంపం వస్తే బల్ల కింద దూరాలి, సరే. మంటలు వస్తే నేల మీద పాకుతూ బయటికి రావాలి, సరే. మంచుచరియలు విరిగిపడితే ఏం చేయాలో కూడా ఒక పోస్టరు ఉంది. మేం పుట్టి బుద్ధెరిగి మంచు చూసింది లేదు. చివర్లో ప్రతిజ్ఞ చదివించి, ఫొటో తీసి పంపించేసేవాళ్లు. ఆ ఫొటోలన్నిట్లోనూ నేను పక్కచూపులు చూస్తూనే ఉంటాను.

తర్వాత ఆ మేడమ్ బదిలీ మీద వెళ్లిపోయింది, ఇంకొకావిడ వచ్చింది. ఈవిడ మేడమ్ అంటే పలికేది కాదు, అక్కా అనాల్సిందే. వచ్చిన రోజే పోస్టర్లు చుట్టి మూలన పెట్టేసి ఒక్క ప్రశ్న అడిగింది. "ఇప్పుడు అర్ధరాత్రి అనుకోండి. నీళ్లు గుమ్మం దాకా వచ్చేశాయి. మీ ఇంట్లో ముందు ఎవర్ని లేపుతారు?"

ఒక్కొక్కరం చెప్పాలి. నేను మా నానమ్మ అన్నాను. ఆవిడకి చెవుడు, పైగా గోడవైపు తిరిగి పడుకుంటుంది, పిలిస్తే లాభం లేదు, తట్టి లేపాలి. ఒకమ్మాయి చంటి తమ్ముణ్ణి ఎత్తుకుంటానంది. ఇంకొకమ్మాయి చాలాసేపు ఆలోచించి, "నాన్నని లేపాలక్కా, ఆయన చెప్పందే మా ఇంట్లో ఎవరూ కదలరు" అంది. అందరం నవ్వాం. అక్క నవ్వలేదు. "ఆ రాత్రి మీ నాన్న ఊళ్లో లేకపోతే?" అని అడిగింది. ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. నవ్విన మా దగ్గరా లేదు.

మరుసటి వారం మ్యాపు గీశాం, స్కూలు వరండా గచ్చు మీద. సుద్దముక్కలతో వీధులు గీసి, ఇళ్లకి సీసా మూతలు పెట్టాం. పది నిమిషాలు కాకముందే గొడవ మొదలైంది. ఏటి గట్టు ఎక్కడ వంపు తిరుగుతుందో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. గట్టు మీదికి మమ్మల్ని వెళ్లనిచ్చేదెవరు? కానీ ఇళ్ల లోపలి సంగతులకి వచ్చేసరికి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. మంచం పట్టిన ముసలమ్మ ఏ గదిలో ఉంటుంది, ఎవరికి నెలలు నిండాయి, ఏ పిల్లాడికి వినబడదు, ఎవరింటి పెరటి తలుపు వానకి ఉబ్బి తెరుచుకోదు, ఏ ఇంట్లో రాత్రిళ్లు మగవాళ్లు ఉండరు... ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. మంచం పట్టినవాళ్లుంటే మూత మీద రాయి, గర్భిణి ఉంటే ఆకు, చంటిపిల్లలుంటే గింజ పెట్టాం. సాయంత్రానికి వరండాలో కాలు పెట్టే చోటు లేదు.

వాడ కమిటీ దగ్గర అప్పటికే ఒక మ్యాపు ఉంది. రోడ్లు, కరెంటు స్తంభాలు, ఇంటి యజమానుల పేర్లు చక్కగా అచ్చేసి ఉన్నాయి. అక్క దాన్ని తెచ్చి మా మూతల పక్కన పరిచింది. వాళ్ల దాంట్లో గట్టు సరిగ్గా ఉంది, మా దాంట్లో తప్పు. మా దాంట్లో ఉన్న ముసలమ్మలూ చంటిపిల్లలూ వాళ్ల దాంట్లో లేరు. మేం వాళ్లది చూసి గట్టు దిద్దుకున్నాం. వాళ్లు మా దాంట్లోంచి ఏమీ తీసుకోలేదు, అప్పటికి.

ఆ రోజే అక్క 1991 నాటి సంగతి చెప్పింది. ఆ ఏడాది ఏప్రిల్ 29 రాత్రి బంగ్లాదేశ్ తీరాన్ని తుఫాను కొట్టింది. దాదాపు 1,38,000 మంది చనిపోయారు. ఇరవై నుంచి నలభై నాలుగేళ్ల మధ్య వయసులో మగవాళ్లు వెయ్యికి 15 మంది పోతే ఆడవాళ్లు వెయ్యికి 71 మంది పోయారు. 15, 71 అని బోర్డు మీద రాసి, సుద్దముక్క మా చేతికిచ్చి, ఎందుకో రాయమంది.

ఈత రాదు, అని ఒకరు రాశారు. ఒంటి నిండా బట్ట, నీళ్లలో బరువు, అని ఇంకొకరు. చంకలో పిల్లలు. హెచ్చరిక మగవాళ్లు కూడే చోట చెప్పారు, ఇంటిదాకా రాలేదు. షెల్టర్‌లో పరాయి మగవాళ్ల మధ్య ఎలా ఉండటం. చివర్లో ఆ నాన్నని లేపుతానన్న పిల్ల లేచి, "ఎవరో ఒకరొచ్చి పదండి అంటారని చూస్తూ కూర్చుని ఉంటారు" అని రాసింది. ఆ మాటకి ఈసారి ఎవరం నవ్వలేదు. అక్కడ ఆడవాళ్ల చావుల గురించి తర్వాత చెప్పిన కారణాల్లో మేం రాసినవి చాలావరకు ఉన్నాయట. ఆ దేశం కూడా ఊరుకోలేదు. 1970 తుఫానులో తక్కువలో తక్కువ మూడు లక్షల మంది పోయాక తుఫాను వాలంటీర్ల వ్యవస్థ పెట్టుకున్నారు, తర్వాత్తర్వాత షెల్టర్లు పెంచారు. ఇప్పుడు అక్కడ 70,000 మందికి పైగా వాలంటీర్లుంటే దాదాపు సగం ఆడవాళ్లే. 2007లో సిడర్ వచ్చింది, అదీ చిన్న తుఫానేం కాదు, చావులు మూడు నాలుగు వేల దగ్గర ఆగాయి.

తర్వాత నడక. ఎవరింటి నుంచి వాళ్లు షెల్టర్ దాకా నడిచి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. పగలు, ఒక్కదాన్నే, నాకు తొమ్మిది నిమిషాలు. అంతేనా అనుకున్నాను. రెండోసారి నానమ్మ చెయ్యి పట్టుకుని, భుజాన సంచి వేసుకుని నడవమంది అక్క. ముప్ఫై ఒక్క నిమిషాలు. దారిలో నానమ్మ రెండుసార్లు కూర్చుంది, ఒకసారి చుట్టం కనబడితే మాట్లాడింది కూడా. నడుస్తుంటేనే ఇంకో సంగతి బయటపడింది. కల్వర్టు దగ్గర రోడ్డు గిన్నెలా దిగిపోయి ఉంది, ఏరు పొంగితే ముందు నీళ్లొచ్చేది అక్కడికే. పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే చాలు, పెద్ద మనిషి కాళ్లు కూడా తేలిపోతాయి. 60 సెంటీమీటర్లుంటే కారుని కూడా తోసుకుపోతాయి. అంటే మా ఇంట్లోకి నీళ్లొచ్చేసరికి మా దారి ఎప్పుడో మూసుకుపోయి ఉంటుంది. అందుకని మాకు మేం ఒక రూలు పెట్టుకున్నాం. రాయి, ఆకు, గింజ ఉన్న ఇళ్లవాళ్లు మొదటి హెచ్చరికకే కదలాలి, అదీ వెలుతురుండగానే. మిగతావాళ్లు రెండో హెచ్చరికకి.

ఇక డ్రిల్లు. ఆ రోజు వాడంతా వచ్చింది, కమిటీ పెద్దలు చొక్కాలు ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చారు. మేం మా వీధుల్లోంచి అందర్నీ నడిపించుకుని షెల్టర్ దగ్గరికి చేరాం. తలుపుకి తాళం. తాళంచెవి ఉన్నాయన పెళ్లికని పొరుగూరు వెళ్లాడు. ఎండలో అరగంట నిలబడ్డాం. ఎవరో పగలగొడదామన్నారు, ఎవరో వద్దన్నారు, ఎవరో జోకులేశారు. నానమ్మ మెట్ల మీద కూర్చుని, "నిజంగా తుఫానొస్తే కూడా ఇంతేనా?" అంది. చెవుడు కదా, గట్టిగానే అంది. అందరూ విన్నారు.

రెండు రోజుల తర్వాత తలుపు తీశారు. లోపల విరిగిన కుర్చీలు, గట్టిపడిపోయిన సిమెంటు బస్తాలు, ఒక పాత సైకిలు. ఆడవాళ్ల బాత్రూమ్‌కి లోపల గొళ్లెం లేదు, బల్బు లేదు.

రెండో తాళంచెవి మాకివ్వమని అడగాలని నిర్ణయించుకున్నాం. కమిటీ మీటింగులో మాట్లాడాల్సింది నేను. రాత్రంతా టెన్షన్. కాగితం మీద రాసుకున్నాను, అద్దం ముందు చదువుకున్నాను, తీరా లేచి నిలబడ్డాక కాగితం నా చేతిలో టపటపలాడటం నాకే వినిపించింది. సగం చదివానో లేదో పెద్దాయన ఆపేశారు. "చూడమ్మా, తాళమంటే ఆటవస్తువు కాదు. పిల్లల దగ్గర పెడితే అవసరానికి దొరకొద్దూ?" దీనికి జవాబు నేను రాసుకున్నాను, మూడో పాయింటు. నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. మా గ్రూపులో అందరికంటే చిన్నది, అప్పటికి పన్నెండేళ్లు, వెనక నుంచి చాలా మర్యాదగా అంది: "మీ దగ్గరున్నప్పుడు కూడా దొరకలేదు కదండీ."

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దాయనే ముందు నవ్వారు. ఆ నవ్వే లేకపోతే ఏమయ్యేదో తెలియదు. ఆరోజు మా తరఫున వాదించి గెలిచామని చెప్పుకోవడం నాకిష్టం ఉండదు. వాళ్లకి నవ్వొచ్చింది, తాళంచెవి ఇచ్చారు.

ఇచ్చారుగానీ రిజిస్టర్లో మా పేర్లు రాయలేదు. మైనర్లు కాబట్టి కుదరదట. షెల్టర్‌కి దగ్గరగా ఉన్న ఇళ్లలో మాదొకటి కాబట్టి మా అమ్మ పేరు రాశారు. ఇంట్లో అసలు యుద్ధం అప్పుడు మొదలైంది. "అర్ధరాత్రి గాలివానలో ఆడపిల్ల వెళ్లి తాళం తీస్తుందా?" అని నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అమ్మ, "పేరు నాది కదా, నేనూ వెళ్తాను. మీరు లాంతరు పట్టుకోండి" అంది. గుమ్మం పక్క మేకుకి ఎర్ర రిబ్బనుతో తాళంచెవి వేలాడదీసింది. నాన్న వస్తూ పోతూ దానికేసి చూసేవాడు, ముట్టుకునేవాడు కాదు.

పిల్లల మాట ఎవరు వింటారు అని నేను ఒకసారి విసుక్కుంటే అక్క టిల్లీ స్మిత్ గురించి చెప్పింది. పదేళ్ల బ్రిటిష్ పిల్ల. 2004 డిసెంబరు 26న థాయ్‌లాండ్‌లోని మైఖావ్ బీచ్‌లో సముద్రం నురగలు కక్కుతూ వింతగా కదలడం చూసింది. రెండు వారాల ముందే జాగ్రఫీ క్లాసులో సునామీ గురించి విని ఉంది. గోల చేసింది. వాళ్ల నాన్న ఆ మాట నమ్మి కాపలా మనిషికి చెప్పాడు, బీచ్ ఖాళీ చేయించారు, దాదాపు వంద మంది బతికారు. అందరూ ఆ పిల్ల తెలివిని మెచ్చుకుంటారు. నేనైతే వాళ్ల నాన్న గురించే ఎక్కువ ఆలోచించాను. 2011 సునామీలో జపాన్‌లోని కమాయిషిలో హైస్కూలు ఈడు పిల్లలు పక్క స్కూలు చిన్నపిల్లల చేతులు పట్టుకుని ఎత్తుకి పరిగెత్తారు, బతికారు. వాళ్లు అంతకుముందు ఎన్నోసార్లు అలా పరిగెత్తి సాధన చేసినవాళ్లు. 2015లో జపాన్‌లోనే సెండాయ్‌లో, విపత్తుల నష్టం తగ్గించడానికి ప్రపంచ దేశాలు ఒప్పుకున్న పత్రంలో కూడా పిల్లలకీ యువతకీ ఈ పనిలో చోటూ మార్గమూ ఇవ్వాలని ఉంది. చోటంటే మాకు అర్థమైంది ఆ మేకు మీది తాళంచెవే.

తర్వాత షెల్టర్‌కి ఏమేం కావాలో లిస్టు రాశాం. కమిటీవాళ్ల లిస్టులో జనరేటరు, టార్పాలిన్లు, తాళ్లు ఉన్నాయి. అవీ కావాల్సినవే. మా లిస్టులో బాత్రూమ్ గొళ్లెం, బల్బు, మూత ఉన్న చెత్తబుట్ట, అడ్డంగా కట్టడానికి ఒక పరదా, రాత్రి తలుపు దగ్గర ఎవరు కూర్చోవాలి అన్నవి ఉన్నాయి. ప్యాడ్లు అని రాయడానికి సిగ్గేసి 'వ్యక్తిగత పరిశుభ్రత సామగ్రి' అని రాశాం. వచ్చిన పెట్టెలో సబ్బులూ దువ్వెనలూ ఉన్నాయి! తప్పు వాళ్లది కాదు. రెండోసారి ప్యాడ్లు అని, ఎన్ని కావాలో కూడా రాశాం. పెద్దాయన ఆ లైను చదవకుండా దాటేసి సంతకం పెట్టారు. పెట్టె వచ్చింది.

ఈత సంగతి మాత్రం సగంలోనే ఉండిపోయింది. నిలవనీటి చెరువులో, అమ్మలు గట్టు మీద నిలబడి చూస్తుండగా, వెల్లకిలా తేలడం నేర్పారు. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలకి మూత బిగించి, తాడు కట్టి నడుముకి చుట్టుకోవడం, మునిగేవాళ్లకి చెయ్యి ఇవ్వకుండా తాడో డబ్బానో విసరడం నేర్పారు. పద్నాలుగు మందిలో ఆరుగురికే ఇంట్లో ఒప్పుకున్నారు. నేను ఆ ఆరుగురిలో ఉన్నాను గానీ చెవుల్లోకి నీళ్లు పోతే ఇప్పటికీ కాళ్లు కిందికి దింపేస్తాను.

వాన కొలిచే పని నాకు బాగా నచ్చింది. ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తిరగేసి గరాటులా పెట్టి, పక్కన స్కేలు అతికించాం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు మీద ఒక లీటరు నీళ్లు. ఈ లెక్క తెలిసిన రోజు షెల్టర్ కప్పు కొలిచాం. వంద చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు, అంతా కిందికి కారిపోయి మెట్ల దగ్గర బురద చేస్తోంది. ఆ కప్పుకి గొట్టం, కింద ట్యాంకు పెట్టించడానికి ఏడాది పట్టింది. వరదలో బోరింగుల్లోకి మురికి దిగుతుంది కదా, అప్పుడు ఈ నీళ్లే ఆధారం. బోరింగు చుట్టూ గద్దె ఎత్తు చేయించడానికి పాత వరదలు ఎంత ఎత్తుకొచ్చాయో కావాల్సి వచ్చింది. అది ఏ రికార్డులోనూ లేదు, ముసలమ్మల దగ్గర ఉంది. నానమ్మ గోడ మీద వేలు పెట్టి, "ఇక్కడిదాకా, మీ నాన్న పుట్టిన ఏడు" అంది. ఇండోనేసియాలో సిమెల్యూ అనే దీవి ఉందట. 1907 సునామీ కథని అక్కడి ముసలివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు, నేల అదిరి సముద్రం వెనక్కి పోతే కొండెక్కమని. 2004లో దాదాపు 78,000 మంది ఉన్న ఆ దీవిలో చనిపోయింది ఏడుగురే. నానమ్మకి ఇది చెప్తే, "మరి నా మాట మీరెప్పుడు విన్నారు?" అంది.

రెండేళ్లు వాన లెక్క రాశాం. ఆ మాత్రం లెక్కతో వాతావరణం మారిందని చెప్పలేమని అక్క ముందే చెప్పింది, దానికి ముప్ఫై ఏళ్ల రికార్డు కావాలి. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదని, భూమి ఇప్పటికే 1850–1900 నాటి కంటే ఒక డిగ్రీకి పైగా వేడెక్కిందని, 1901 నుంచి 2018 లోపు సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని చెప్పింది. స్కేలు తీసుకెళ్లి మా గుమ్మం మెట్టు కొలిచాను. పంతొమ్మిదిన్నర.

అసలు తుఫాను గ్రూపులో చేరిన మూడో ఏడు వచ్చింది. వాయుగుండం తుఫానుగా మారిందని రేడియోలో చెప్పిన దగ్గర్నుంచి వాట్సాప్‌లో గట్టు తెగిందని ఒకటే మెసేజులు. గట్టు దగ్గరున్న ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని, తెగలేదని మేం తిరిగి పెట్టేసరికి సగం వాడ హడలిపోయి ఉంది. మధ్యాహ్నం మూడున్నరకి రాయి, ఆకు, గింజ ఇళ్లకి బయల్దేరాం.

అనుకున్నట్టు జరిగినవి తక్కువే. చేతి మైకు బ్యాటరీ చచ్చిపోయింది, ఎవరూ చార్జింగ్ పెట్టలేదు, ఆ పని నాదే. మూడు పొడుగాటి విజిళ్లంటే బయల్దేరాలని అందరికీ నేర్పాం. కానీ మా దగ్గర విజిళ్లు చూసి వాడలో పిల్లలంతా కొనిపించుకుని వారం రోజులుగా అదే పనిగా ఊదుతున్నారు, దాంతో మా విజిల్ ఎవరూ పట్టించుకోలేదు. తలుపు తలుపూ తట్టాల్సి వచ్చింది. ఏటి ఒడ్డున ఉండే ఒక తాత కదలనన్నాడు. "నా వయసులో ఎన్ని చూశాను" అన్నాడు. మేం బతిమాలుతుంటే చిన్నది చుట్టూ చూసి, "తాతా, మేకల్ని ఎక్కడ కట్టేస్తావు?" అని అడిగింది. అదీ సంగతి. షెల్టర్ వెనక మెరక మీద మేకల్ని కట్టేసే చోటు చూపిస్తామన్నాం. మేకలు ముందు నడిచాయి, తాత వెనక నడిచాడు.

తాళం దగ్గర ఇంకో కథ. తుప్పు పట్టి తాళంచెవి తిరగలేదు. గాలి తోసేస్తోంది, నా వేళ్లు వణుకుతున్నాయి, వెనక నానమ్మతో సహా పాతిక మంది. ఆ తాళంచెవి కోసం అంత కొట్లాడి, తాళానికి నూనె వేయాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. అమ్మ ఇంటికి పరిగెత్తి దీపపు బుడ్డి తెచ్చి రెండు చుక్కలు వేసింది. నాన్న లాంతరు పట్టుకున్నాడు. కటక్ మంది.

చీకటి పడ్డాక లిస్టుతో తలలు లెక్కపెట్టాం, సరిపోయింది. అప్పుడు చిన్నది, "చివరింట్లో కొత్తగా అద్దెకి దిగినవాళ్లో?" అంది. వాళ్లు మా లిస్టులో లేరు. మేం గీసిన మ్యాపులో ఆ ఇల్లు ఖాళీ. ఆ తర్వాత దాన్ని దిద్దినవాళ్లు లేరు. నాన్నా, ఇంకో ఇద్దరూ మోకాలి లోతు నీళ్లలో తాడు పట్టుకుని వెళ్లి వాళ్లని తీసుకొచ్చారు. ఇద్దరు చంటిపిల్లలు. ఆ అరగంట నేను మళ్లీ తలుచుకోను.

షెల్టర్‌లో రెండు రాత్రులున్నాం. రెండో రోజు పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు అయిపోయాయి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఆ నాన్నని లేపుతానన్న పిల్లే కలిపింది. ప్రతి చెంచానీ వేలితో గీసి చదును చేసింది, తొందరపెడితే కసురుకుంది కూడా. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం, అందుకే అంత పట్టుదల.

నీళ్లు షెల్టర్ రెండో మెట్టు దగ్గర ఆగాయి. ఎవరూ పోలేదు. మేం లేకపోయినా బహుశా ఎవరూ పోయేవాళ్లు కాదేమో, తుఫాను కాస్త పక్కకి జరిగి తీరం దాటింది. కానీ అంతకుముందు వరదకి నానమ్మని రాత్రి రెండు గంటలప్పుడు తలుపు చెక్క మీద పడుకోబెట్టి నడుం లోతు నీళ్లలో మోసుకెళ్లారు. ఈసారి పొడి బట్టలతో, పగటి వెలుతురులో, తన కాళ్ల మీద నడిచి వెళ్లింది. దారిలో కూర్చుంది ఒక్కసారే.

ఒక సంగతి రాయకుండా దాటేయలేను. మాతోపాటు ఈత నేర్చుకున్న ఆరుగురిలో ఒకమ్మాయి వాళ్ల నాన్న పడవ ఆ తుఫానుకి పగిలిపోయింది. నెలకి బడి మానేసింది, నాలుగు నెలలకి పెళ్లి. విపత్తుల తర్వాత ఇలా చాలా దేశాల్లో జరుగుతుందని శిక్షణలో విన్నదే. వాళ్లింటికి వెళ్లాం, అక్క కూడా వచ్చింది, వాళ్లమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, "అప్పు తీరే దారి చెప్పండి" అంది. మా లిస్టులో దానికి ఏమీ లేదు. తేలడం మాకందరికంటే తనకే బాగా వచ్చేది.

ఇప్పుడు నాకు పద్దెనిమిది నిండాయి, గ్రూపులోంచి బయటికొచ్చాను. తాళంచెవి చిన్నదాని ఇంటికి మారింది, ఎర్ర రిబ్బనుతో సహా. ప్రతి నెలా మొదటి శనివారం తాళానికి నూనె వేసి, లిస్టు దిద్ది, మైకు చార్జింగ్ పెడతారు, ఆ మూడు పనులూ గోడ మీద రాసి పెట్టుకున్నారు. రిజిస్టర్లో ఈసారీ వాళ్లమ్మ పేరే రాశారు.

బాత్రూమ్ బల్బు మళ్లీ పోయింది. నిన్న మూడో లెటర్ రాశారు. చిన్నది తెచ్చి నాకు చూపించింది. మొదటి రెండింట్లోనూ ఉన్న 'దయచేసి' ఇందులో లేదు. అడిగితే, "ఈసారి తారీఖు రాశానక్కా, ఎప్పటిలోగా పెట్టాలో" అంది.